అంచు మీద నడిపన్న

ప్రొద్దుటూరు బంగారంగళ్ళ వెనక సందులో
గడియారాలు బాగుచేసే నా బల్ల మీదికి
పాతసామాన్ల దస్తగిరి ఒక బిళ్ళ విసిరేసినాడు.
"వెండి అనుకోని కొన్యా సామీ.
కంసలాయన గీటురాయి మీద గీసి నవ్వినాడు."

కంచుది.
అందుకే బతికింది.

వెండి పతకాలు బతకవు ఈ ఊళ్ళో.
ముప్పై ఏండ్లుగా చూస్తాండా,
మూసలోకి దిగేముందు ఒక్క నిమిషం అడుక్కొని
అంచు చుట్టూ ఉన్న పేరు రాసుకుంటా.
సిపాయి ఇమాంసాబు. నాయక్ పుల్లారెడ్డి.
పేరు నా నోటుబుక్కులోకి, వెండి కాలిపట్టీల్లోకి.
ఏ కొత్తకోడలో మిద్దె మెట్లు దిగుతాంటే
గల్లుమనేది ఏ పటాలమో
ఆ బిడ్డకేం తెలుసు.

కంచువి సిపాయిలకిచ్చినవి కావు.
మోసినోళ్ళకు, తవ్వినోళ్ళకు,
కంచరగాడిదలు తోలినోళ్ళకు.
ఒకటే యుద్ధం, ఒకటే రాజు మొగం,
లోహం కాడికొచ్చేసరికి
పంక్తి వేరు.

కంటికి బుడ్డద్దం బిగించి తిప్పినా.
గోరంత ఇంగ్లీషు అక్షరాలు:
నెంబరు, డ్రైవరు, నడిపన్న, మ్యూల్ కోర్.
ఊరు లేదు. తండ్రి లేదు. ఇంటిపేరు లేదు.

నడిపన్న అనేది ఒక పేరా?
పెద్దన్నకూ చిన్నన్నకూ నడుమ
ఇంకో పేరు వెతికే తీరిక లేని ఇంట్లో పుట్టినోడు.
మా కడప జిల్లాలో వాకిలికొకడు.
నడిమివాణ్ణి తీసకపోయి
అంచు మీద నిలబెట్టినారు.

ఢిల్లీకి రాసినా.
సుభాన్ మాస్టరుతో ఇంగ్లీషు దిద్దించి లండనుకు రాసినా.
ఏడు నెలలకు జవాబు:
తోలినోళ్ళ దస్తరాలు దొరకలేదంట.
గాడిదల లెక్క ఉందంట,
ఎన్ని ఓడెక్కినాయో, ఎన్ని బస్రాలో దిగినాయో.
కావాలంటే నకలు పంపుతామన్నారు.

మళ్ళా అద్దం కిందికే వచ్చినా.
రాజు ముక్కు నున్నగా అరిగిపోయింది.
పైన ఎవరో కొట్టించిన బెజ్జంలో
నల్లటి నూలుపోగు, వెంట్రుకంత.
మొలతాడు!
పండ్లొచ్చే బిడ్డలు నమిలి నమిలి
చక్రవర్తిని చప్పిముక్కు చేసినారు.

దస్తగిరి గోనెసంచి వచ్చిన దోవంతా
మైదుకూరు మీదుగా వెనక్కి తిరిగినా.
ఏ ఇల్లో వానికి గుర్తులేదు.
బోడుపల్లెలో, పదమూడో వాకిట్లో,
పసుపుకొమ్ములు ఆరబోస్తా సుంకులమ్మ
చెయ్యి తుడుచుకోకుండానే అందుకునింది.

"ఇదేనా? ఇట్లాంటిదే.
మా మామకు అబ్బ.
యాడికో పోయి మూడేండ్లకు తిరిగొచ్చెనంట.
వచ్చినంక గాడిదలతో ఏందో పరాయి మాట మాట్లాడేటోడంట,
మనుషులతో తక్కువ."

అన్నదమ్ములున్న్యారా అని అడిగినా.

"పెద్దాయన కలరాకు పాయ. చిన్నోడు కరువుకు పాయ.
ఈయప్ప యుద్ధానికి పోయినాడు కాబట్టి
మిగిలె."

నేనేమీ రాసుకోలేదు కాసేపు.

లోపలికి పోయి ఫోను తెచ్చింది.
మనవడు కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు తోల్తాడు,
బండి పక్కన నిలబడి నవ్వుతాండాడు.
"నువ్వు చెప్పే ఆ బస్రా వీనికి దగ్గరేనా?"
"ఈన్నుంచి అనంతపురమంత" అన్నా.
ఫోను ఒకసారి, బిళ్ళ ఒకసారి చూసుకొని
"అయితే ఆ దోవ మా ఇంటికి పాతదే" అనింది.

ఉంచుకోమ్మా, మీదే అంటే
తల అడ్డంగా ఊపింది.
"మాకాడుంటే మళ్ళా తూకానికే పోతాది.
నీకు పేరన్నా చదవనొస్తాది."

నోటుబుక్కులో, 'నడిపన్న, బోడుపల్లె' అని రాసి
పక్కన చిన్న ప్రశ్నగుర్తు పెట్టినా.
ఆయనే ఈయన అని
నేను ఒట్టెయ్యలేను.

పాత పతకాన్ని తోమకూడదు,
మా సేకరించేవాళ్ళ కట్టుబాటు అది.
చింతపండు, బూడిద, ఏదీ తగలనీయం.
రాత్రి షట్టరు దించినాక
బుడ్డద్దం పెట్టి చూస్తే
అంచు మీద ఒక్కొక్క అక్షరం గుంతలో
సుంకులమ్మ వేళ్ళ పసుపు.